మాస్టారు ఎత్తి చూడని కాగితం

(పదకొండో వారం)

కిందటి వారం బ్రీడా శానహన్‌ని టూరీన్ ఊరి నడిబొడ్డున, మోస్సీ క్వర్క్ పబ్బు గుమ్మం ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిసంచిలో నలభై ఒక్కేళ్ల నాటి కాగితం ఉంది. గ్లాషా లోయ కుర్రాళ్ల హర్లింగ్ ఛాంపియన్‌షిప్‌కి, అంటే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు కర్రలతో బంతి కొడుతూ ఆడే పోటీకి, ఈ ఏటితో డెబ్బై ఐదేళ్లు. చరిత్ర రాసిపెట్టమని లోయ కమిటీ బ్రీడాని అడిగింది. అన్నీ రాసేసింది. మిగిలింది 1957 ఒక్కటే. ఆ పేజీ ఈ సాయంత్రం నాలుగింటికల్లా అచ్చుకి వెళ్లాలి. ఆదివారం ఫైనల్‌కి ముందు మైదానంలోనే పుస్తకం విడుదల.

ఆ ఏడాది ఏం జరిగిందో లోయలో పాలు తాగే పిల్లలు కూడా చెబుతారు. ఫైనల్‌లో బ్రీడా వాళ్ల ఊరు కిల్‌బ్రాక్ ఒక్క పాయింటు తేడాతో టూరీన్‌ని ఓడించింది. ఓడినవాళ్లు ఇంటికి పోయి ఏడవక కమిటీకి ఫిర్యాదు రాశారు. కిల్‌బ్రాక్ కుర్రాడొకడు వంతెన అవతల మేనత్త ఇంట్లో పడుకుంటున్నాడట, కాబట్టి వాడు వేరే చర్చి పరిధిలోకి వస్తాడట, ఆ జట్టులో ఆడకూడదట. కమిటీ నిజమేనంది. కప్పు తీసుకెళ్లి టూరీన్ చేతిలో పెట్టింది. అప్పుడు కిల్‌బ్రాక్ ఎదురు ఫిర్యాదు పెట్టింది. టూరీన్ తరఫున రెండు గోల్స్ కొట్టిన మోస్సీ క్వర్క్‌కి పద్దెనిమిది దాటిపోయాయని.

ఆ ఫిర్యాదుని ఎవరూ చదవనే లేదు. ఫిర్యాదు రాసే కాగితం ఐర్లండ్ మిల్లులో తయారైనదై ఉండాలని రూలు. వెలుగుకి ఎత్తి చూస్తే లోపల మిల్లు వాటర్‌మార్క్ కనబడాలి. కిల్‌బ్రాక్ పంపిన కాగితంలో కనబడింది ఇంగ్లీషు మిల్లు కిరీటం. కమిటీ కార్యదర్శి దాన్ని కిటికీకేసి ఎత్తి చూసి, నవ్వి, పక్కన పడేశాడు. ఆ కార్యదర్శి కాన్ క్వర్క్, మోస్సీ కన్నతండ్రి. దొంగ చేతికే తాళాలివ్వడం ఆ కమిటీకి మొదటి నుంచీ అలవాటు. ఇక ఆ ఫిర్యాదు రాసింది కిల్‌బ్రాక్ బడి మాస్టారు, బ్రీడా తండ్రి.

అప్పటి నుంచీ కిల్‌బ్రాక్ జట్టు మైదానంలోకి దిగితే చాలు, టూరీన్ జనం చేతిలో ఉన్న కాగితమల్లా ఆకాశానికెత్తి, ఒక కన్ను మూసి చూస్తారు. న్యూస్‌పేపర్లు, టికెట్లు, చాక్లెట్ కాగితాలు కూడా. తాతలు మనవలకి నేర్పారు. లోకంలో ఇంకే విద్యా రాకపోయినా టూరీన్‌లో పుట్టినవాడికి ఆ విద్య వచ్చి తీరుతుంది.

మోస్సీ క్వర్క్‌ది ముందు పబ్బు, వెనక శవపేటికల దుకాణం. టూరీన్‌లో ఎవరు పుట్టినా ఆయన దగ్గర తాగాలి, ఎవరు పోయినా ఆయన దగ్గర కొనాలి. రెండు రకాలుగానూ ఊరు తనకి రుణపడి ఉందని ఆయన నమ్మకం. పైగా లోయ కమిటీ చైర్మన్. బ్రీడా లోపలికి వెళ్లేసరికి కుర్చీలింకా బల్లలమీదే బోర్లించి ఉన్నాయి. గోడమీద ఏసు తిరుహృదయం పటం ఉంది. దాని పక్కన అంతే పెద్ద ఫ్రేములో 1957 మెడల్ ఉంది. రెండిటికీ కలిపి మధ్యలో ఒకటే ఎర్ర దీపం. దేవుడితో దీపం పంచుకున్న మనిషిని బ్రీడా ఇంకెక్కడా చూడలేదు.

"రామ్మా, చరిత్రకారిణీ!" అన్నాడు మోస్సీ. శవపేటికకి బిగించే ఇత్తడి పిడిని ఒళ్లో పెట్టుకుని తోముతున్నాడు. "టీ తాగుతావా? హామ్ శాండ్‌విచ్‌లున్నాయి. నిన్నటి అంత్యక్రియల్లో మిగిలినవి. బానే ఉన్నాయి."

"మీ ఇంట్లో మంచినీళ్లు ముట్టుకున్నా మా ఊళ్లో వెలేస్తారు చైర్మన్‌గారూ. వద్దు."

"మీ అన్న రాలేదా?"

"బయట వ్యాన్‌లో ఉన్నాడు. మీ గడప తొక్కనన్నాడు."

"తొక్కడులే. ఆనాడు గోల్‌లో నిలబడ్డ వాడి కాళ్ల మధ్య నుంచి రెండు కొట్టాను కదా, ఇంకా నొప్పి తగ్గినట్టు లేదు." ఆయన తన మాటకి తనే నవ్వుకున్నాడు. "సరే గానీ, బొమ్మ వేయించాను చూడు. మీ పేజీ మధ్యలో పెడదాం. జనానికి సరదాగా ఉంటుంది."

బల్లమీదికి తోసిన అట్టమీద కళ్లజోడు మాస్టారొకడు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కొవ్వొత్తి ముందు వంగి చూస్తున్నాడు. కాగితం అంటుకుంటోంది. కింద మోస్సీ సొంతంగా కూర్చిన వాక్యం: "రూలు పుస్తకం కంఠతా వచ్చిన మాస్టారు కాగితం ఎత్తి చూడడం మాత్రం మరిచారు."

బ్రీడా ఆ బొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది. ఆమెకి తెలిసిన నాన్న అది కాదు. ఫలానా పిల్లకి తట్టు పోసింది, బడికి పంపొద్దు అని చీటీ రాయాలన్నా కాగితాన్ని కిటికీ దగ్గర ఒకసారి ఎత్తి చూసే మనిషి ఆయన. ఐర్లండ్ కాగితం తప్ప ఆయన సొరుగులో మరోటి ఉండేది కాదు. అలాంటి మనిషి, కప్పు పోయాక, మెడల్స్ తిరిగిచ్చిన కుర్రాళ్లు, వాళ్ల తండ్రులు, మతగురువు, అందరూ కలిసి ముఖంమీదే తిడుతుంటే పదహారేళ్లు తలొంచుకుని బతికాడు. మ్యాచ్‌లకి వెళ్లడం మానేశాడు. చర్చిలో వెనక బెంచీకి మారాడు. 1973లో పోయినప్పుడు టూరీన్ వాళ్లు కూడా అంత్యక్రియలకి వచ్చారు. వాళ్లలో ఒకడు ప్రార్థన కాగితాన్ని చర్చి కిటికీకేసి ఎత్తి చూశాడు. చుట్టూ నలుగురు కిసుక్కుమన్నారు. శవపేటిక పక్కన నిలబడిన బ్రీడాకి ఆ కిసుకు స్పష్టంగా వినబడింది. క్వర్కుల మీద ఆమెకున్న అసహ్యానికి ఆ రోజే పుట్టినరోజు.

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. కమిటీ పాత పెట్టె అడుగున కిందటి వారం దొరికిన ఎదురు ఫిర్యాదు. టైపు కొట్టి ఉంది, కింద సంతకం ఉంది, కాన్ క్వర్క్ వేసిన ముద్ర ఉంది.

"బొమ్మ పక్కన పెట్టండి. పేజీలో నేనేం రాస్తున్నానో విని సంతోషించండి. ఇది మా నాన్న పంపిన కాగితం కాదు. ఆయన పంపింది ఐర్లండ్ కాగితం మీద. మీ నాన్న దాన్ని చింపేసి, ఇంగ్లీషు కాగితం మీద ఇంకోటి టైపు కొట్టించి, సంతకం గీకి, దీన్నే కమిటీకి చూపించాడు. కొడుకు వయసు బయటపడకూడదని!"

"సంతకం గీకాడా?"

"ఇరవై ఆరేళ్లు పోస్టాఫీసులో కూర్చున్నాను. దొంగ సంతకం ఎదురుగా ఉంటే నాకు కనబడదా? మా నాన్న చెయ్యి ఇంత వణకదు."

మోస్సీ పిడిని బల్లమీద పెట్టి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో భయం వెతికింది బ్రీడా. అక్కడ విసుగు తప్ప ఇంకేం లేదు. బడిలో మొద్దు పిల్ల మళ్లీ అదే తప్పు లెక్క చేసుకొచ్చినప్పుడు కలిగేలాంటి విసుగు.

"బ్రీడమ్మా, నీకో రహస్యం చెప్పనా? ఆ ఫైనల్ నాటికి నాకు పద్దెనిమిది నిండి ఐదు నెలలు. చెప్పేశాను, రాసుకో. ఏం చేస్తావు? నాకిప్పుడు మోకాళ్లు లేవు, సగం పళ్లు లేవు. మెడల్ లాక్కుంటావా? లాక్కో, దీపం ఖర్చు తగ్గుతుంది."

"సిగ్గు లేదూ చెప్పుకోడానికి?"

"సిగ్గెందుకు? నువ్వు డెబ్బై ఐదేళ్ల చరిత్ర రాశావు కదా. అందులో వయసు దాటనివాళ్లే ఆడిన ఫైనల్ ఒక్కటి చూపించు. 1934లో బాలీనూర్ కెప్టెన్‌కి పెళ్లైపోయింది. కప్పుతో పాటు ఫొటోలో కూచున్న పాప వాడి చెల్లెలనుకున్నావా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అది సరే, రూలు పుస్తకం నీకు తెలుసు కదా. ఫిర్యాదుకి ఎన్ని కాపీలు పెట్టాలి?"

"రెండు."

"నీ దగ్గరెన్ని ఉన్నాయి?"

బ్రీడా చేతిలో ఉన్న ఒక్క కాగితాన్నీ తిప్పి చూసుకుంది. ఆ ప్రశ్న ఆమెకి ఇప్పటిదాకా తట్టలేదు. అచ్చు గడువు తరుముతుంటే, దొరికినదాన్నే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

మోస్సీ వెనక దుకాణంలోకి వెళ్లాడు. పేటికల మీద పేర్లు చెక్కే రేకులుంచే సొరుగు కిర్రుమన్న చప్పుడు. బయటికొచ్చేటప్పుడు ఆయన చేతిలో గోధుమరంగు కవరు ఉంది. అందులోంచి రెండో కాపీ తీసి ఆమె ముందు పరిచాడు. ఇది టైపు కొట్టింది కాదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చేతిరాత. నిటారుగా, పలక మీద పిల్లలకి రాసి చూపించే రాత. రూలు ప్రకారం పేర్లన్నీ ఐరిష్ భాషలో, ఒక్క చుక్క కూడా తప్పిపోకుండా. చూడగానే ఆమె చెయ్యి తనంతట తనే ఆ రాత మీదికి వెళ్లింది. అది నాన్న చెయ్యి. దీన్ని ఏ క్వర్కూ గీకలేడు. క్వర్కులకి అంత చదువెక్కడిది?

"ఎత్తి చూడు," అన్నాడు మోస్సీ. "మీ నాన్న చూడలేదంటారుగా. నువ్వైనా చూడు."

ఆమె కదలకపోతే ఆయనే కాగితం తీసి కిటికీకి ఆనించాడు. అక్షరాల వెనక కిరీటం తెల్లగా తేలింది.

"టైపు కొట్టించింది కూడా ఆయనే. సంతకం వణికిందన్నావే, నిజమే, వణికింది. ఒకసారి ఆలోచించు బ్రీడా. నువ్వు తెలివైనదానివి, మా కమిటీలో అందరికంటే తెలివైనదానివి, అదేమంత గొప్ప కాదనుకో. మీ నాన్న సొరుగులో ఇంగ్లీషు కాగితం ఉండేదా?"

"లేదు."

"మరి ఇదెక్కడి నుంచి వచ్చింది? కొనుక్కొచ్చాడు. పనిగట్టుకుని సైకిలేసుకుని టౌనుకి పోయి, రెండంటే రెండు కాగితాలు కొనుక్కొచ్చాడు. కొట్టువాడు మా మేనమామే."

బ్రీడా బల్లమీంచి కుర్చీ ఒకటి దింపుకుని కూర్చుంది. మొట్టమొదటిసారి ఒక క్వర్క్ ఇంట్లో కూర్చుంది.

"కావాలనే రాశాడంటారా? చెల్లదని తెలిసి? ఎందుకు?"

"ఎందుకంటే, నా వయసు తేల్చాలంటే కమిటీ ముప్పైమంది కుర్రాళ్ల జ్ఞానస్నానం సర్టిఫికెట్లూ తెప్పించాలి. అది రూలు. ఒక్కడిది అడగడానికి లేదు, అందరివీ అడగాలి. మీ అన్నదీ అడగాలి."

"అయితే ఏం? అన్నయ్యకి పద్దెనిమిది నిండలేదు. 1939 నవంబర్‌లో పుట్టాడు. మేం నలభై ఎనిమిదిలో ఈ లోయకి రాకముందు, డూనలీలో."

"అదే కదా. డూనలీ ఫాదర్‌కి మా నాన్న ఉత్తరం రాశాడు. ఊరికే, ఏమైనా దొరుకుతుందేమోనని. ఎదుటివాడి ఇంటి చూరులో ఏం దోపి ఉందో చూడకపోతే మా నాన్నకి అన్నం సహించేది కాదు." ఆ మాట ఆయన గర్వంగానే అన్నాడు. "జవాబొచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని బుధవారం మధ్యాహ్నం మీ బడికి పోయాడు. నేనూ పోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను. పిల్లలు దొడ్లో ఆడుకుంటున్నారు. మీ నాన్న బల్ల దగ్గర సుద్దముక్కలు వరసగా పేరుస్తున్నాడు. ఉత్తరం చదివి, మడతపెట్టి మా నాన్నకి తిరిగిచ్చాడు. తర్వాత, 'పిల్లాడి జోలికి రాకు కాన్' అన్నాడు. మా నాన్న, 'నా పిల్లాడి జోలికి నువ్వు రాకు మరి' అన్నాడు. 'ఫిర్యాదు పెట్టకపోతే ఊరు ఊరుకోదు, మా జట్టు కార్యదర్శిని నేనే' అన్నాడు మీ నాన్న. దానికి మా నాన్న ఏమన్నాడో తెలుసా?"

బ్రీడా తల అడ్డంగా ఊపింది.

"'పెట్టుకో మాస్టారూ. ఏ కాగితం మీద పెట్టాలో నీకు నేను చెప్పాలా?' అన్నాడు."

మోస్సీ పకపకా నవ్వాడు. నలభై ఒక్కేళ్లుగా ఒంటరిగా దాచుకున్న జోకు ఇవాళ్టికి ఒకరికి చెప్పుకోగలిగాడు. కవరులోంచి మడతపెట్టిన ఉత్తరం తీసి ఆమె ముందుకి విసిరాడు.

ఉత్తరం చిన్నదే. "తమరు అడిగిన డెనిస్ శానహన్, మాస్టారి కుమారుడు, 1939 నవంబరు పన్నెండున నా చేతులమీదుగా జ్ఞానస్నానం పొందినాడు. అదే నెల ఇరవై తొమ్మిదిన నా చేతులమీదుగానే ఇక్కడి చర్చి దొడ్డిలో సమాధి అయినాడు. ఆ దంపతులకు మరొక కుమారుడు కలిగినట్లు మా రిజిస్టరులో లేదు."

బ్రీడా రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు నిలవలేదు. డెనిస్ శానహన్ బయట వ్యాన్‌లో కూర్చుని ఉన్నాడు. పొద్దున ఆమెకి గుడ్లు వేయించి పెట్టాడు. ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె అన్నయ్య.

"ఇప్పుడు పనిలోకి వద్దాం," అన్నాడు మోస్సీ. "బొమ్మా, నా వాక్యమూ ఉన్నవి ఉన్నట్టు అచ్చవుతాయి. మాస్టారు మరిచిపోయారు, జనం నవ్వుకుంటారు, ఎవడి కొంపా మునగదు. కాదూ, మా నాన్న మీద ఏదో రాస్తానంటావా, ఆదివారం పుస్తకం విడుదలప్పుడు మైకు నా చేతిలోనే ఉంటుంది. ఈ ఉత్తరం చదువుతాను. నలభై ఒక్కేళ్ల తర్వాత మళ్లీ ఫైనల్‌కొచ్చారు మీవాళ్లు. వాళ్లకి కోచ్‌గా ఉన్న మీ అన్న ఎవడో, ఎవడి కొడుకో, అసలు వాడి పేరేమిటో ఆ కుర్రాళ్లకి కూడా తెలియనీ."

బ్రీడా లేచి నిలబడింది. ఉత్తరాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది. మోస్సీ చెయ్యి చాచి, "ఏయ్, అది నాది!" అన్నాడు.

"లాక్కో చూద్దాం. మోకాళ్లు లేవన్నావుగా." ఇంతకాలం పెట్టుకొచ్చిన మర్యాద ఆ నిమిషంతో అయిపోయింది. "మోస్సీ, ఒక్క సంగతి విను. నలభై ఒక్కేళ్లు మా నాన్నని చూసి మీరు కాగితాలు ఎత్తారు. ఆయన శవం ముందు కూడా ఎత్తారు. ఆయన తలెత్తి ఒక్క మాట అనుంటే నీ గోడమీద ఆ బిళ్ల ఉండేది కాదు. అది నువ్వు ఆడి గెలిచింది కాదు, నీ బాబు దొంగిలించింది కూడా కాదు. మా నాన్న పారేసిన భిక్ష. దానికి దీపం పెట్టుకుని బతికావు నువ్వు. థూ!"

"నాలుగింటికి అచ్చు," అన్నాడు మోస్సీ. కానీ ఈసారి నవ్వలేదు.

బయట వాన సన్నగా మొదలైంది. వ్యాన్ వెనక భాగం నిండా ఆదివారం మ్యాచ్‌కి సిద్ధం చేసిన హర్లీ కర్రలున్నాయి. డిన్నీ, అంటే అన్నయ్య డెనిస్, ఒకదాని పిడికి టేపు చుడుతున్నాడు. ఆమె ఎక్కి కూర్చోగానే ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

"నవ్వాడా?" అన్నాడు.

"నవ్వాడు."

"చెప్పానుగా, పోవద్దని. మాస్టారికే లేని పట్టింపు నీకెందుకని."

ఆ మాటలోని ఒక ముక్క ఆమెకి ఇప్పుడు తగిలింది. ఎప్పుడూ అంతే, ఆయన 'నాన్న' అనడు. 'మాస్టారు' అంటాడు. బడిలో చదివినవాళ్లందరూ అలాగే అంటారు కాబట్టి ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. అన్నయ్యా అని పిలవబోయింది. ఉత్తరం తీసి స్టీరింగ్ మీద పెట్టింది.

ఆయన చదివాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు. ఇంజిన్ ఆపేశాడు. వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి.

"ఇదింకా ఉందన్నమాట," అన్నాడు.

"నీకు తెలుసా?"

"కాన్ దీన్ని బడికి తెచ్చిన రోజు నుంచీ తెలుసు. మాస్టారు ఇందులో ఏముందో నాకు చెప్పాడు. చెప్పి, పొయ్యిలో పారేయడానికి ఉత్తరం తన దగ్గర లేదని బాధపడ్డాడు. నేను ఆడనని చెప్పుంటే ఇదేదీ జరిగేది కాదు బ్రీడా. గోల్‌లో నిలబడాలని నాకే ఆశ. ఆయన వద్దనలేకపోయాడు."

"ఆయన మీద అందరూ ఉమ్మేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను. నోరు విప్పితే నన్ను పట్టుకుపోతారని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాక ఎవరూ పట్టుకుపోయే వయసు కాదు నాది. అయినా ఊరుకున్నాను. అది ఒట్టు కాదు, పిరికితనం."

"ఎవరు పట్టుకుపోతారు? ఎక్కడికి?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నీ పేరేమిటి?"

ఆయన చేతిలోని టేపు చుట్టని జాగ్రత్తగా గూట్లో పెట్టాడు. టూరీన్ చర్చి గడియారంలో రెండున్నర అయింది. పబ్బు కిటికీలో మోస్సీ నిలబడి వాళ్లకేసే చూస్తున్నాడు.

"కలం తియ్యి బ్రీడా," అన్నాడు. "నాలుగింటికి ఇంకా టైముంది. నేను చెప్తాను, నువ్వు రాయి. వాడు ఊరందరికీ చెప్పకముందే మన పుస్తకంలోనే ఉండాలి. మొదటి వాక్యం ఇది. 1957 ఫైనల్‌లో కిల్‌బ్రాక్ గోల్‌లో నిలబడినవాడి పేరు డెనిస్ శానహన్ కాదు."